వదిన ఏరిన వడగళ్ళు

మూడేళ్ళుగా వడగళ్ళ మీద పరిశోధన చేస్తున్న మనిషి ఒక్క వడగల్లునైనా చేత్తో ముట్టుకోలేదంటే వినేవాళ్ళకి నవ్వొస్తుంది. మబ్బుకి మాత్రం ఏడుపొచ్చేది. ఆమె కంప్యూటర్లో వడగళ్ళు పుట్టేవి, పెరిగేవి, మేఘంలో పైకెగిరి, కిందకి జారి, మళ్ళీ పైకెగిరేవి. బయట మాత్రం వానొస్తే నీళ్ళే పడేవి. ఊళ్ళో డాబాల మీద ఆమె పెట్టించిన పలకలు చాలానే ఉన్నాయి. థర్మోకోల్ అట్టకి వెండి కాగితం చుట్టిందే పలకంటే. వడగల్లు తగిలితే కాగితం సొట్టపోతుంది, ఆ సొట్టని కొలిస్తే రాయి ఎంతదో తెలుస్తుంది. పడితే కదా కొలవడానికి! ఆ పలకలన్నీ పెళ్ళివారింటి పళ్ళేల్లా తళతళలాడుతూ ఆకాశం వంక చూస్తూ కూర్చున్నాయి.

మబ్బు అన్నది వాళ్ళ అన్నయ్య పెట్టిన పేరు. లెక్కల్లో ఎం.ఎస్సీ. అయ్యాక మేఘాలూ తుఫానుల విభాగంలో చేరిన రోజున పెట్టాడు. సగం ఆ చదువుని చూసి, సగం ఏ చిన్నమాటకైనా కమ్ముకొచ్చే ఆమె ముఖాన్ని చూసి. నిజానికి ఆమెకి మేఘాల మీద ప్రేమేం లేదు. ఫెలోషిప్ వచ్చింది, చేరింది. ఇంటర్వ్యూలో విభాగం పెద్ద, అందరూ మేడం అని పిలిచే ఆవిడ, మేఘాలే ఎందుకని అడిగితే అదే మాట దాపరికం లేకుండా చెప్పింది. మేడం నవ్వి, ఇంకెవరూ ముట్టుకోని వడగళ్ళ అంశం ఆమె చేతిలో పెట్టింది. ప్రేమ తర్వాత పుట్టింది. అది పుట్టాక ఇంకెవరూ పంచుకోకూడదన్న పేచీ కూడా దాంతోపాటే పుట్టింది.

పలకలు పెట్టిన డాబాల్లో ఒక బడి డాబా ఉంది. తక్కినచోట్ల పలకలకి పట్టిన గతి చెప్పుకుంటే సిగ్గుచేటు. ఒకచోట కాకులు పీకాయి, ఇంకోచోట కాపలావాడు కాగితం ఊడదీసి అన్నం పొట్లం కట్టుకున్నాడు. ఆ బడిలో మాత్రం పలక అద్దంలా ఉండేది. ఫిజిక్స్ చెప్పే టీచరు వానవానకీ కాగితం మార్చి, మూలన తేదీ రాసి పెట్టేది. మబ్బు వెళ్ళినప్పుడల్లా ప్రశ్నలు సిద్ధంగా ఉంచుకునేది. వడగల్లులో పొరలెందుకుంటాయి, అంత బరువు గాలిలో ఎలా నిలబడుతుంది, అన్నీ ఒకే సైజులో ఎందుకుండవు. మబ్బు డాబా గోడకి ఆనుకుని తాపీగా జవాబులు చెప్పేది. తనని పెద్ద పండితురాలిగా చూసే మనిషి ప్రపంచంలో ఒకరున్నారన్న తృప్తితో మెట్లు దిగేది. ఆ తృప్తి తలకెక్కే ఒకసారి టీచర్ని ఇంటికి తీసుకొచ్చింది. అమ్మకి నచ్చింది. అన్నయ్యకి ఇంకా నచ్చింది. ఏడాది తిరక్కుండా టీచరు వదినైంది.

ఇంతవరకూ మబ్బుకి సంతోషమే. పెళ్ళయ్యాక వదిన, ఊరికే చూసొస్తానంటూ ఒకరోజు ఆమె వెంట విభాగానికి వచ్చింది. ఇంకో రోజు కూడా వచ్చింది. ఆ తర్వాత ప్రవేశపరీక్ష రాసింది. బడి మానేసి, అదే మేడం దగ్గర, అదే గదిలో, మబ్బు బల్లకి ఎదురు బల్ల మీద చేరింది. నువ్వేమంటావని మబ్బునెవరూ అడగలేదు. అడిగినా ఏమంటుంది? పైకి సంతోషమనే అనేది.

అప్పట్నించీ కడుపులో మంట మొదలైంది. వదిన తెలివైంది మాత్రమే అయితే సరిపెట్టుకోవచ్చు. ఆమె తెలియనిదాన్ని తెలియదని చెప్పగల మనిషి, దాంతోనే వచ్చింది చిక్కు. మీటింగులో అందరూ తలలూపుతుంటే, ఈ లెక్క నాకర్థం కాలేదు, మళ్ళీ చెప్తారా అని చెయ్యెత్తేది. మేడం ముఖం వెలిగిపోయేది. మబ్బు ఆ మూడేళ్ళలో ఒక్కసారీ ఆ మాట అని ఎరగదు. అర్థం కానివన్నీ ఇంటికి మోసుకొచ్చి, తలుపేసుకుని, జుట్టు పీక్కుని అర్థం చేసుకుని మర్నాడు ఏమీ ఎరగనట్టు వెళ్ళేది. ఆ కష్టం ఎవరికి కనపడుతుంది? అమ్మకైతే అసలే కనపడదు. మీ వదిన్ని చూడు, అంత చదువు చదువుతూ కూడా ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది, నువ్వేమో మూతి ముడుచుకుని తిరుగుతావు అనేది. పుండు మీద కారం చల్లడం అమ్మకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఇంట్లో పోలికలు ఎలాగోలా దిగమింగేది. దిగమింగలేనిది రాడార్ బండి సంగతి. ఏటా తుఫానుల కాలంలో మేడం ఒక పెద్ద బండి మీద రాడార్ కట్టించి, ఉరుముల మేఘాల వెంట నెలన్నర తిరుగుతుంది. మేడం వెనక కారులో వస్తుంది. ముందు బండిలో డ్రైవరూ, అతని పక్కన ఒక్క విద్యార్థీ. ఒక్కరే. కిందటేడు వెళ్ళిన సీనియరు పట్టా పుచ్చుకుని వెళ్ళిపోయాడు. వరస ప్రకారం ఈసారి మబ్బుదే. క్యాంటీన్లో టీ ఇచ్చేవాడు కూడా ఎప్పుడమ్మా ప్రయాణం అని అడుగుతున్నాడు. మేడం మాత్రం నోరు విప్పలేదు. సోమవారం చెప్తానంది. చెప్తాననేటప్పుడు ఆవిడ చూపు తన మీంచి జరిగి ఎదురు బల్ల మీదకి వెళ్ళి ఆగడం మబ్బు గమనించింది. ఆ చూపు ఆమెకి మూడు రాత్రులు నిద్ర పట్టనివ్వలేదు.

అంతలో శుక్రవారం వచ్చింది. ఆ మధ్యాహ్నం మబ్బు విభాగం నేలమాళిగలో, కిటికీ లేని గదిలో, పెద్ద కంప్యూటర్ ముందు కూర్చుని లెక్కలోని మేఘంలో లెక్కలోని వడగళ్ళని ఎగరేస్తోంది. ఫోను మూగనోము పట్టించి సంచిలో పడేసింది. పని ముగించి పైకొచ్చేసరికి సాయంత్రమైంది. రోడ్డంతా చిల్లులు పడ్డ ఆకులు రాలి ఉన్నాయి. గేటు ముందు ఆగిన కారు మూత సొట్టలు పడి ఉంది. ఆ కారుని ముట్టుకుని చూసింది. మూడేళ్ళు ఎదురుచూసిన వడగళ్ళవాన, తను నేలకింద కూర్చుని ఉండగా, వచ్చి వెళ్ళిపోయింది.

ఆటో దిగి ఇంట్లోకి పరుగెత్తేసరికి అందరూ ఫ్రిజ్ చుట్టూ ఉన్నారు. అమ్మ చేతిలో పెద్ద స్టీలు గిన్నె ఉంది. వదిన ఆ గిన్నె నెత్తిన బోర్లించుకుని, రాళ్ళు టంగుటంగుమని దాని మీద పడుతుంటే, డాబా మీదా పెరట్లోనూ తిరిగి వడగళ్ళు ఏరిందట. ఆ కథ అమ్మ చేత్తో అభినయిస్తూ చెప్పింది. గిన్నెకి పడ్డ సొట్టలు ఒక్కొక్కటీ తడిమి చూపించింది. మామూలుగా గిన్నెకి గీత పడితే వారం రోజులు సాధించే మనిషి ఆవిడ. అన్నయ్య ఫోనులో ఫొటోలు చూపించాడు. అన్నిటికన్నా మంట పుట్టించిందేమిటంటే, డాబా మీద మబ్బు పలక. దాని కాగితం ఎప్పుడో చిరిగిపోయింది, విసుగొచ్చి ఆమె దాని జోలికే పోలేదు. వదిన చెప్పాపెట్టకుండా కొత్త కాగితం చుట్టి ఉంచింది. అందుకే ఇవాళ దాని నిండా చక్కటి సొట్టలున్నాయి.

వదిన ఫ్రీజర్ తలుపు తెరిచి చూపించింది. గాజుగిన్నెలో, మూత లేకుండా, ఓ పది రాళ్ళు ఉన్నాయి. చాలావరకు గోళీలంత. ఒకటి మాత్రం నిమ్మకాయంత ఉంది, ఒళ్ళంతా చిన్నచిన్న బుడిపెలతో. దానికి కాస్త తగ్గింది ఇంకోటి. మబ్బు వేలు చాపి పెద్దదాన్ని తాకింది. మొదటిసారి తాకడం. చల్లగా ఉందనుకునేలోపే అది తనది కాదన్న ఊహ వచ్చింది.

వదిన అడిగింది. "మబ్బూ, విభాగంలో చలిగది మెషిను చెడిపోయిందటగా. సోమవారం దాకా ఇక్కడే ఉంచాలి. ఇలా పెడితే చాలా? ఇంకేమైనా చెయ్యాలా?"

చాలదు. చాలదని మబ్బుకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. వాళ్ళింట్లోది లోపల మంచు పేరుకోకుండా అప్పుడప్పుడూ తనంతట తనే కాస్త వేడెక్కి, పొడిగాలి తిప్పుకునే రకం ఫ్రిజ్. అందులో మూత లేకుండా ఉంచిన మంచురాయి కరగదు గానీ, పైనుంచి పొరపొరగా ఆవిరైపోతుంది. వడగల్లు పై పొరల్లోనే దాని చివరి ప్రయాణమంతా ఉంటుంది. సంచిలో పెట్టి, గాలంతా పిండేసి, బిగించి కట్టి, చుట్టూ మంచుముక్కలు కూరి, డబ్బాలో మూతపెట్టి ఉంచాలి. ఇదంతా మబ్బు నాలుక చివర ఉంది. ఎదురుగా వదిన ముఖం ఉంది. డాబా మీద ప్రశ్నలడిగినప్పటి ముఖమే. అప్పుడు ఆ ముఖం చూస్తే ఎంత బాగుండేదో ఇప్పుడు అంత ఒళ్ళు మండింది.

"చాలు" అంది మబ్బు.

అందరూ సొట్టలు చూడ్డానికి డాబా ఎక్కారు. మబ్బు వంటింట్లో ఉండిపోయింది. రెండో పెద్ద రాయిని తీసి సంచిలో పెట్టింది, గాలి పిండింది, కట్టింది, దాని మీద ఇంకో సంచి కట్టింది. టిఫిన్ డబ్బాలో మంచుముక్కల మధ్య పూడ్చి, బఠాణీల పొట్లం వెనక్కి నెట్టింది. ఒక్కటైనా సరిగ్గా దాచాలి కదా, ఇది సైన్సు కోసమేగా అని తనకి తను చెప్పుకుంది. చెప్పుకున్నది తనే నమ్మలేదు. కిందకొచ్చిన వదిన రెండోది ఏదని అడిగితే, నేను తీసుకున్నాను, నా పలక మీద పడ్డవేగా అని పెడసరంగా అంది. వదిన నవ్వి, అన్నీ నీవే, ఏది కావాలన్నా తీసుకో అంది. పెద్దమనసుతో అన్న ఆ మాట మబ్బుకి చెంపదెబ్బలా తగిలింది.

ఆ రెండ్రోజులూ మబ్బుకి దాహం ఎక్కువైంది. ఊరికే ఫ్రిజ్ తెరిచేది. శనివారం ఉదయానికి పెద్దరాయి బుడిపెలు కాస్త అణిగాయి. సాయంత్రానికి మెరుపు పోయి, సుద్దముక్కలా ఉంది. ఆదివారానికి నున్నబడింది. తెరిచిన ప్రతిసారీ ఒక మాట చెప్పేస్తే అయిపోయేది. ప్రతిసారీ నోరు తెరవబోయేది, అప్పుడే మేడం దగ్గర్నించి వదినకి ఫోనొచ్చేది. గిన్నె బోర్లించుకున్న సంగతి విని మేడం పడీపడీ నవ్వడం హాల్లోకి వినిపించేది. ఫ్రిజ్ తలుపు మూతపడేది. ఇది పాపమని ఆమెకి తెలుసు. తెలిసే చేసింది, ఆ చేయడంలో కాస్త హాయి కూడా ఉంది. ఆ హాయికే ఆమెకి తన మీద అసహ్యం వేసింది.

సోమవారం మెషిను బాగైంది. చలిగదిలో ముగ్గురూ దుప్పట్లలాంటి మందపాటి కోట్లు వేసుకుని నిలబడ్డారు. మేడం మొదట మబ్బు దాచిన రాయిని వేడితీగతో నడిమికి కోసింది, పలచటి బిళ్ళగా అరగదీసి గాజు మీద అంటించి వెనక దీపం వేసింది. ఉల్లిపాయని అడ్డంగా కోసినట్టు పొర మీద పొర. గాలిబుడగలు చిక్కుకున్నచోట పాలలా తెల్లగా, నీరు తాపీగా గడ్డకట్టినచోట గాజులా, మళ్ళీ తెలుపు, అన్నిటికీ పైన సన్నటి అంచు బుడిపెలతో సహా చెక్కుచెదరకుండా ఉంది. మేడం భలే అంది. మూడేళ్ళలో మొదటిసారి అంది. మబ్బుకి ఆ చలిలో చెవులు వేడెక్కాయి.

తర్వాత వదిన రాయి. పెద్దది కాబట్టి లోపలి పొరలు ఇంకా అందంగా ఉన్నాయి. కానీ బయటికి వచ్చేసరికి బొమ్మ తెగిపోయింది. అంచు ఎవరో నాకేసినట్టు ఉంది. మేడం ఒక బిళ్ళ వంకా ఇంకో బిళ్ళ వంకా చాలాసేపు చూసింది. రెండూ ఒకే వానలోవేనా అని అడిగింది. అవునన్నారు. ఒకే ఫ్రిజ్‌లోవేనా అని అడిగింది. అవునన్నారు.

"దీన్నెలా దాచావు?" అంది మబ్బు వంక తిరిగి.

మెచ్చుకోలు రుచి నోటికి తగిలి ఉంది. మబ్బు హుషారుగా మొదలుపెట్టింది. ఆ రకం ఫ్రిజ్‌లో ఏం జరుగుతుందో, గాలెందుకు పిండాలో, చుట్టూ మంచెందుకు ఉండాలో పాఠంలా చెప్పుకుంటూ పోయింది. సగంలో తన మాటలు తనకే వినిపించాయి. గొంతు జారిపోయింది. తను ఎంత బాగా చెబితే అంతగా తనే దొరికిపోతోంది. అంత జాగ్రత్తగా కట్టిన ఆ రాయే, పక్కనున్న రాయి పాడవుతుంటే ఎందుకూరుకున్నావని తనని అడుగుతోంది.

"మరి ఇది?" అంది మేడం.

వదిన చప్పున అందుకుంది. "గిన్నెలో పెట్టేశాను మేడం, మూత లేకుండా. తను చెప్పే ఉంటుంది. ఆ హడావుడిలో నేనే విని ఉండను."

అబద్ధం తలుపు తీసి పట్టుకున్నట్టుంది. మబ్బు అందులోంచి తలొంచుకుని వెళ్ళిపోవచ్చు. తలూపితే చాలు. కానీ ఆ తలుపు పట్టుకున్నది వదిన. ఇల్లు తీసుకుంది, అమ్మని తీసుకుంది, మేడంని తీసుకుంది, ఇప్పుడు తన పరువు కూడా ఆమె దానం చేస్తే తను పుచ్చుకోవాలి. అదొక్కటీ మబ్బు వల్ల కాలేదు. నిజాయితీ వల్ల నోరు విప్పిందని చెబితే అది అబద్ధమే అవుతుంది. ఓర్వలేకే విప్పింది.

"నేను చెప్పలేదు మేడం. ఇలా పెడితే చాలా అని అడిగింది. చాలు అన్నాను."

"ఎందుకు?"

"ఒళ్ళు మండి."

మేడం తిట్టలేదు. తిడితే బాగుండేది. దీపం ఆర్పి, చేతితొడుగులు తీసి, రాడార్ బండిలో డ్రైవర్‌కి మేఘాన్ని చూపించే తెర కనపడదని చెప్పింది. వానలో రోడ్డు కూడా కనపడదు. పక్కన కూర్చున్న విద్యార్థి కుడికి అంటే కుడికి, ఆపు అంటే ఆపడమే. ఆ డ్రైవర్‌కి ఇంట్లో పిల్లలున్నారు.

"తెలిసిన సంగతి చెప్పకుండా దాచుకునే మనిషిని అతని పక్కన కూర్చోబెట్టలేను. ఈ ఏడు మీ వదిన వెళ్తుంది" అంది మేడం. మబ్బు రాయి బాగుందనీ, దాని మీద పని మబ్బే చెయ్యాలనీ కూడా చెప్పింది. ఆ మాట మబ్బుకి సగమే వినిపించింది.

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు, వేరే ఖాళీ లేక. మబ్బు కిటికీకి ముఖం అతికించుకుని నిశ్శబ్దంగా ఏడ్చింది. వదిన ఓదార్చలేదు. చాలా స్టాపులు దాటాక అంది.

"నువ్వు చెప్పకపోవడం ఏం బాలేదు. నేనది మర్చిపోను. ఊరికే అంటున్నాననుకోకు."

మబ్బు తలూపింది.

"ఇంకో మాట. మొదటిసారి మా బడి డాబా ఎక్కి నువ్వా లెక్కలన్నీ నోటితో గడగడా చెప్తుంటే నాకూ ఒళ్ళు మండింది. ఏడేళ్ళుగా అదే పుస్తకం, అదే పాఠం, అదే సుద్దముక్క. నీకేమో మేఘాలు. ఇంటికెళ్ళి అన్నం తినబుద్ధి కాలేదు. ఆ కుళ్ళుతోనే వానవానకీ కాగితం మార్చాను. ఆ కుళ్ళుతోనే పరీక్ష రాశాను. మేడం ఎందుకొచ్చావని అడిగితే మేఘాలంటే ఇష్టమన్నాను గానీ, అసలు సంగతి అది."

మబ్బు ముఖం తిప్పి చూసింది. వదిన ముఖంలో నవ్వు లేదు. డాబా మీద తను పండితురాలినని మురిసిపోయిన ఆ గంటలన్నీ ఇంకో రకంగా కనిపించాయి. ఒకే మంట వదినని మేఘాల్లోకి నడిపించింది, తనని ఫ్రిజ్ దగ్గర నిలబెట్టింది. ఈ లెక్క మబ్బుకి అర్థమైంది, అర్థమైనంత మాత్రాన బాధ తగ్గలేదు.

బండి బయల్దేరే ముందురోజు వదిన హాల్లో సామాను సర్దుకుంటోంది. దారిలో వడగళ్ళు దొరికితే పెట్టుకోవడానికి థర్మోకోల్ పెట్టె, సంచులు, దారాలు, కొలబద్ద. అమ్మ ఆ సొట్టల గిన్నె కూడా తెచ్చి పక్కన పెట్టింది, నెత్తికి కావాలి కదా అని. అన్నయ్య గిన్నెకి తాడు కడుతున్నాడు, గడ్డం కింద ముడేసుకోవడానికి. అందరూ నవ్వుతున్నారు. గుమ్మంలో నిలబడ్డ మబ్బుకి మళ్ళీ అదే మంట, కొత్తగా, ఏమాత్రం తగ్గకుండా లేచింది. తన సీటు, తన కాలం, తన రాళ్ళు. ఈ నెలన్నరా తను నేలమాళిగలో ఉంటుంది.

పెట్టెలో సంచులు పలచవి. మంచు దిమ్మలు అడుగునే ఉన్నాయి, చుట్టూ లేవు. కుదుపులకి రాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటాయి. మబ్బు ఒక్క చూపులో ఇవన్నీ చూసింది. చూసిందని వదినా చూసింది. పెట్టె మూత తెరిచే ఉంచి, తలెత్తి, సూటిగా అడిగింది.

"మబ్బూ, ఇలా పెడితే చాలా?"

హాల్లో నవ్వులాగిపోయాయి. అమ్మకీ అన్నయ్యకీ ఫ్రిజ్ సంగతి తెలుసు.

"చాలదు" అంది మబ్బు. వచ్చి వదిన ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని, పెట్టెలోవన్నీ బయటికి తీసింది. "రాసుకో. చాలా ఉంది."